13 శాతం డివిడెండ్ ఎందుకు నిలవలేదు? కెనడా టెలికాం, కేబుల్ షేర్ల వెనక లెక్క

క్లుప్తంగా: కెనడాలో ఫోన్, కేబుల్ కంపెనీల షేర్లను దశాబ్దాల పాటు పెన్షన్ లాంటి ఆదాయంగా చూశారు. తక్కువ వడ్డీలు, పెరిగే జనాభా, పోటీ అంతగా లేని మార్కెట్ ఆ నమ్మకాన్ని నిలబెట్టాయి. 2022 నుంచి ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. డివిడెండ్ శాతం పెరగడం లాభానికి కాక ప్రమాదానికి గుర్తు ఎలా అయిందో, ఒకే రంగంలోని కంపెనీలు వేరు వేరు దారులు ఎందుకు పట్టాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప డాలర్లంటే కెనడా డాలర్లే.

99.75 సెంట్ల నుంచి 43.75 సెంట్లకు

2025 మే నెలలో బీసీఈ, అంటే బెల్ కెనడా మాతృసంస్థ, మూడు నెలలకోసారి వాటాదార్లకు పంచే సొమ్మును, అంటే డివిడెండ్‌ను, షేరుకు 99.75 సెంట్ల నుంచి 43.75 సెంట్లకు దించింది. ఏడాది లెక్కలో 3.99 డాలర్లు కాస్తా 1.75 డాలర్లయ్యాయి. వెయ్యి షేర్లు పెట్టుకుని నెలకు 332 డాలర్లు వస్తాయని బడ్జెట్ వేసుకున్న రిటైర్డ్ దంపతులకు ఆ తర్వాత వచ్చేది నెలకు 146 డాలర్లు.

ఇది ఉన్నట్టుండి పడిన పిడుగేమీ కాదు. 2022 ఏప్రిల్‌లో బీసీఈ షేరు 70 డాలర్ల పైన ఉంది. అప్పటి డివిడెండ్ ఏడాదికి 3.68 డాలర్లు, అంటే దాదాపు 5 శాతం. 2025 వసంతానికి షేరు 30 డాలర్ల చుట్టూ తిరుగుతోంది, డివిడెండేమో 3.99 డాలర్లకు చేరింది. భాగించి చూస్తే 13 శాతం. బ్యాంకు డిపాజిట్ మూడు నాలుగు శాతం ఇస్తున్న రోజుల్లో, దేశంలోనే అతి పెద్ద టెలికాం కంపెనీ 13 శాతం ఇస్తోందంటే రెండే అర్థాలు. మార్కెట్‌లో ఉన్న వాళ్లందరికీ లెక్కలు రాకపోయి ఉండాలి, లేదా ఆ డివిడెండ్ నిలవదని వాళ్లు ముందే తేల్చుకుని ఉండాలి. రెండోదే జరిగింది.

ఈల్డ్ అనేది ఒక భిన్నం మాత్రమే: పైన డివిడెండ్, కింద షేరు ధర. పై అంకె పెరిగినా ఈల్డ్ పెరుగుతుంది, కింది అంకె కూలినా పెరుగుతుంది. చాలామంది మొదటి సంగతే చూసి రెండోదాన్ని మర్చిపోతారు.

అసలు చూడాల్సింది మరో అంకె. నెట్‌వర్క్ ఖర్చులు, వడ్డీలు, పన్నులు పోగా కంపెనీ చేతిలో మిగిలే నగదును ఫ్రీ క్యాష్ ఫ్లో అంటారు. 2024లో బీసీఈకి అలా మిగిలింది సుమారు 290 కోట్ల డాలర్లు. అప్పటికి ఉన్న షేర్లు దాదాపు 91 కోట్లు, ఒక్కోదానికి 3.99 డాలర్లు. గుణిస్తే 360 కోట్ల డాలర్లు దాటుతుంది. ఆ 70 కోట్ల తేడా ఎక్కణ్నుంచి రావాలి? ఆస్తులు అమ్మాలి, అప్పు తేవాలి, లేదంటే డివిడెండ్‌ను నగదుగా కాక కొత్త షేర్ల రూపంలో తీసుకునేలా వాటాదార్లను ఒప్పించాలి. బీసీఈ ఈ మూడో పని కోసం మార్కెట్ ధర కంటే 2 శాతం తక్కువకే షేర్లు ఇస్తామంది. అప్పుచేసి పప్పుకూడు అని మనవాళ్లు అనేది అచ్చంగా దీన్నే.

కోత తర్వాత ఏటా పోయేది సుమారు 163 కోట్లు. ఇకపై మిగులు నగదులో 40 నుంచి 55 శాతమే పంచుతామని కంపెనీ కొత్త హద్దు గీసుకుంది.

దేశం వైశాల్యం, మార్కెట్ స్వరూపం

కెనడా జనాభా సుమారు 4.1 కోట్లు, తెలంగాణ కంటే కాస్త ఎక్కువ. వైశాల్యం మాత్రం తెలంగాణకు దాదాపు 90 రెట్లు. జనం ఎక్కువగా అమెరికా సరిహద్దు పొడవునా సన్నటి పట్టీలో ఉంటారు. టవర్లు వేయడం, తీగలు లాగడం ఖరీదైన పని కాబట్టి ఒక్కో ప్రాంతంలో ఇద్దరి కంటే ఎక్కువ మంది సొంత తీగతో నిలబడలేదు.

పాత టెలిఫోన్ తీగ తూర్పున బెల్‌ది, పడమట బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టాలలో టెలస్‌ది. కేబుల్ తీగ ఒంటారియోలో రోజర్స్‌ది, క్యుబెక్‌లో వీడియోట్రాన్‌ది, పడమట షాది. మాంట్రియల్‌కు చెందిన కోజెకో చిన్న పట్టణాల్లో కేబుల్ నడుపుతుంది. అంటే ఇంటి ఇంటర్నెట్ విషయంలో బెల్, టెలస్ ఒకరికొకరు ఎదురుపడింది తక్కువ. బెల్‌కు ఎదురు రోజర్స్, టెలస్‌కు ఎదురు షా. మొబైల్‌లోనైతే బెల్, టెలస్ రెండూ టవర్ల నెట్‌వర్క్‌ను పంచుకుని, ఖర్చు సగం చేసుకున్నాయి. సెల్ సేవల్లో ఈ ఇద్దరూ, రోజర్స్ కలిసి మార్కెట్‌లో చాలా భాగం పట్టుకున్నాయి. వీళ్లనే అక్కడ బిగ్ త్రీ అంటారు.

బయటి వాళ్లు ఎందుకు రాలేదు? చట్టం ఒక కారణం. 1993 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం ఆపరేటింగ్ కంపెనీ ఓటు షేర్లలో కనీసం 80 శాతం కెనడియన్ల చేతిలో ఉండాలి. 2012లో చేసిన సవరణ ఈ షరతును చిన్న కంపెనీలకు సడలించింది. దేశ టెలికాం ఆదాయంలో 10 శాతం లోపు ఉన్నవాళ్లను విదేశీయులు కొనుక్కోవచ్చు. 2013 వేసవిలో అమెరికా దిగ్గజం వెరైజన్ ఆ దారిన వస్తుందన్న వార్తకే మూడు కంపెనీల షేర్లూ పడ్డాయి. సెప్టెంబర్‌లో తమకు ఆసక్తి లేదని వెరైజన్ చెప్పేసరికి లేచాయి. కొత్త పోటీదారు అన్న మాటకే ఈ షేర్లు ఎంత బెదురుతాయో ఆ వేసవి చూపించింది.

భారతదేశంతో పోల్చితే తేడా స్పష్టం. 2016లో జియో రాగానే ఇక్కడ ధరలు కుప్పకూలి, కంపెనీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కొన్ని మూతపడ్డాయి. మన దగ్గర వాడకందారు నుంచి నెలకు వచ్చే సగటు ఆదాయం 200-250 రూపాయలు. బెల్‌కు అది 57 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. కెనడాలో జియో లాంటి సునామీ రాలేదు, వచ్చింది మెల్లగా ఎక్కే వరద.

మూడు ఆధారాలు, మూడు కుదుపులు

మొదటిది వడ్డీ. స్థిరంగా డివిడెండ్ ఇచ్చే షేరును మదుపరులు బాండ్‌కు బదులుగా కొంటారు. బ్యాంక్ ఆఫ్ కెనడా రేటు 0.25 శాతం ఉన్నప్పుడు 5 శాతం డివిడెండ్ ఎవరికైనా ముద్దొస్తుంది. 2022 మార్చిలో మొదలైన పెంపు 2023 జూలైకి రేటును 5 శాతానికి తీసుకెళ్లింది. ప్రమాదమే లేని డిపాజిట్ అంతే ఇస్తుంటే షేరు ఎందుకు పట్టుకోవాలి? జనం అమ్మారు, ధర తగ్గింది. ఇక్కడే రెండో దెబ్బ కూడా ఉంది. టెలికాం కంపెనీల పాత బాండ్లు గడువు తీరినప్పుడల్లా కొత్త రేటుకు మళ్లీ అప్పు తేవాలి. కాబట్టి వడ్డీ భారం ఒక్కసారిగా పడదు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఎక్కుతుంది. 2024 జూన్ నుంచి రేట్లు తగ్గినా కంపెనీల వడ్డీ ఖర్చు వెంటనే తగ్గకపోవడానికి ఇదే కారణం.

రెండోది జనాభా. ఇక్కడ తెలుగు రాష్ట్రాలకూ నేరుగా సంబంధం ఉంది. టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో దిగిన విద్యార్థి మొదట చేసే పని సిమ్ తీసుకోవడం. ఇంటికి దిగామని ఫోన్ చేయాలి, బ్యాంకు ఖాతా తెరవాలన్నా నంబర్ కావాలి. తర్వాత నలుగురు కలిసి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుంటే ఒక ఇంటర్నెట్ కనెక్షన్. 2023 ఒక్క ఏడాదిలో కెనడా జనాభా 12.7 లక్షలు పెరిగింది, దాదాపు అంతా వలసల వల్లే. వాళ్లలో చాలామంది మొబైల్ కంపెనీకి కొత్త కస్టమర్లే. ఆ ఊపు చూసే డివిడెండ్ అంచనాలూ వేసుకున్నారు. 2024 జనవరిలో ప్రభుత్వం స్టడీ పర్మిట్లపై పరిమితి పెట్టింది, అనుమతులు సుమారు 35 శాతం తగ్గేలా. అదే ఏడాది అక్టోబర్‌లో శాశ్వత నివాసుల లక్ష్యాన్ని 2025కు 3.95 లక్షలకు, 2027కు 3.65 లక్షలకు కుదించింది. 2025 మూడో త్రైమాసికంలో దేశ జనాభా తగ్గింది కూడా. హైదరాబాద్ కన్సల్టెన్సీల్లో ఫైళ్లు ఆగితే దాని నీడ టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజీలో పడుతుందన్నమాట.

మూడోది ధరల క్రమశిక్షణ, అంటే పోటీపడి ధరలు కోసుకోకపోవడం. దీని కథ రోజర్స్, షా విలీనంతో ముడిపడి ఉంది.

ఒక విలీనం తెచ్చిన ధరల యుద్ధం

2021 మార్చిలో రోజర్స్, పడమటి కేబుల్ కంపెనీ షాను షేరుకు 40.50 డాలర్ల చొప్పున కొంటామని ప్రకటించింది. అప్పులతో కలిపి మొత్తం 2,600 కోట్ల డాలర్ల ఒప్పందం. అనుమతుల కోసం రెండేళ్లు పట్టింది. మధ్యలో 2022 జూలై 8న, మెయింటెనెన్స్ అప్‌డేట్‌లో జరిగిన పొరపాటుతో రోజర్స్ నెట్‌వర్క్ దేశమంతటా ఆగిపోయింది. 1.2 కోట్ల మందికి పైగా కస్టమర్లకు ఫోన్ లేదు, దుకాణాల్లో డెబిట్ చెల్లింపులు లేవు, కొందరికి అత్యవసర నంబర్ 911 కూడా కలవలేదు. ఒకే కంపెనీ మీద ఇంత ఆధారపడొచ్చా అన్న ప్రశ్న రాజకీయంగా బలపడింది.

చివరికి 2023 ఏప్రిల్ 3న ఒప్పందం పూర్తయింది, కానీ ఒక షరతుతో. షా చేతిలోని ఫ్రీడమ్ మొబైల్‌ను క్యుబెకోర్‌కు చెందిన వీడియోట్రాన్‌కు 285 కోట్ల డాలర్లకు అమ్మేయాల్సి వచ్చింది. అప్పటిదాకా క్యుబెక్‌లోనే గట్టిగా ఉన్న వీడియోట్రాన్ అలా ఒంటారియోకు, పడమటి రాష్ట్రాలకు వచ్చింది. వచ్చీ రాగానే ధరలు కోసింది. 40 డాలర్ల లోపే 50 జీబీ ప్లాన్లు కనిపించాయి. బిగ్ త్రీ తమ చౌక బ్రాండ్లయిన ఫిడో, కూడో, వర్జిన్ ద్వారా బదులివ్వక తప్పలేదు. పోటీ తగ్గుతుందని అందరూ భయపడిన విలీనమే వాడకందార్లకు చౌక ప్లాన్లు తెచ్చింది. రోజర్స్ షేరు పట్టుకున్న వాళ్లకు ఈ ఫలితం అంత మురిపెంగా అనిపించి ఉండదు.

క్యుబెకోర్ షేరు మాత్రం మిగతావి పడుతున్న కాలంలోనే లేచింది. కారణం దాని తెలివి ఒక్కటే కాదు. పోగొట్టుకోవడానికి ఒంటారియోలో పాత కస్టమర్లు లేరు. వీడియోట్రాన్ ఒక కస్టమర్‌ను 35 డాలర్లకు లాక్కుంటే అది కొత్త ఆదాయం. బెల్ అదే ధర ఇస్తే, అప్పటికే 60 డాలర్లు కడుతున్నవాళ్లు కూడా చౌక ప్లాన్‌కు దిగుతారు. ధరల యుద్ధం చిన్నవాడికి పెట్టుబడి, పెద్దవాడికి నష్టం.

అప్పు, ఫైబర్, డివిడెండ్: ఒకే కుండలోంచి

టెలికాం కంపెనీకి వచ్చే ప్రతి డాలర్‌కూ ముగ్గురు హక్కుదార్లు. అప్పిచ్చినవాడు, నెట్‌వర్క్, వాటాదారు. 2021లో 3500 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ వేలం 890 కోట్ల డాలర్లు పిండింది. ఇంటింటికీ ఫైబర్ తీసుకెళ్లడానికి బెల్, టెలస్ ఏళ్ల పాటు వందల కోట్లు పోశాయి. పాత రాగి తీగ కేబుల్ వేగాన్ని అందుకోలేదు కాబట్టి వాళ్లకు వేరే దారి లేదు. ఫైబర్ వేశాక రాగి తీగల నిర్వహణ ఖర్చు తగ్గుతుంది, కస్టమర్ నిలుస్తాడు. కానీ ఆ ఫలితం పదేళ్లలో వస్తుంది, డివిడెండ్ మూడు నెలలకోసారి ఇవ్వాలి.

ఈలోగా నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ మరో మెలిక వేసింది. 2023 నవంబర్‌లో ఒంటారియో, క్యుబెక్‌లలో పెద్ద ఫోన్ కంపెనీలు తమ ఫైబర్‌ను పోటీదార్లకు టోకున అద్దెకివ్వాలంది. బెల్ వెంటనే 100 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి తగ్గిస్తామని ప్రకటించింది. తర్వాత ఈ నియమం దేశమంతటికీ విస్తరించింది. చిన్న కంపెనీలను బతికించడానికి తెచ్చిన నిబంధనను టెలస్ అందిపుచ్చుకుని, బెల్ ఫైబర్ మీదే ఒంటారియో, క్యుబెక్‌లలో ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టింది. దీన్ని ఆపమని బెల్, రోజర్స్ కోరినా 2025 ఆగస్టులో ఫెడరల్ కేబినెట్ సీఆర్‌టీసీ నిర్ణయాన్నే సమర్థించింది. ఎవరి ఇలాకా వారిదన్న పాత సర్దుబాటుకు ఇక్కడ బీట పడింది.

బీసీఈ తన వృద్ధిని సరిహద్దు అవతల వెతుక్కుంది. 2024 నవంబర్‌లో అమెరికా వాయవ్య రాష్ట్రాల ఫైబర్ కంపెనీ జిప్లీని సుమారు 500 కోట్ల డాలర్లకు, పైగా 200 కోట్ల అప్పు మోస్తూ, కొంటామంది. టొరంటో క్రీడా సంస్థ ఎంఎల్‌ఎస్‌ఈలో తన వాటాను రోజర్స్‌కు 470 కోట్లకు అమ్మగా వచ్చే డబ్బుతో అప్పు తీరుస్తుందని ఆశపెట్టుకున్న మదుపరులు ఆ రోజు షేరును దాదాపు పది శాతం కిందికి తోశారు. డివిడెండ్ కోత ఆరు నెలల తర్వాత వచ్చింది, కానీ చాలామంది దాన్ని ఆ రోజే పసిగట్టారు.

మిగతా వాళ్ల దారులు

రోజర్స్ డివిడెండ్ 2019 నుంచి ఏడాదికి 2 డాలర్ల దగ్గరే ఆగి ఉంది. పెంచలేదు, కోయలేదు. పెంపు కోరుకునేవాళ్లకు ఇది విసుగు పుట్టించినా, షా కొన్నాక అప్పు వార్షిక నిర్వహణ లాభానికి అయిదు రెట్ల దగ్గరికి చేరినప్పుడు ఆ పొదుపే కాపాడింది. 2025లో నెట్‌వర్క్‌లో ఒక భాగాన్ని వేరు సంస్థగా చేసి, అందులో మైనారిటీ వాటాను అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ నేతృత్వంలోని మదుపరులకు 700 కోట్లకు ఇచ్చి అప్పు తీర్చింది. కాగితం మీద అప్పు తగ్గింది నిజమే. ఆ మదుపరులకు ఏటా పంపిణీ ఇవ్వాలన్నది కూడా నిజమే. పేరు వడ్డీ కాకపోయినా డబ్బు బయటికి పోతుంది. మరోవైపు ఐస్ హాకీ ప్రసార హక్కులకు 12 ఏళ్లకు 1,100 కోట్లు ఒప్పుకుంది. కొంటున్నది టెలికాం షేరా, క్రీడల షేరా అన్న సందేహం మదుపరికి రావడం సహజం.

టెలస్ ఏటా రెండుసార్లు డివిడెండ్ పెంచుతూ వచ్చింది. బీసీఈ కోత తర్వాత అందరి కళ్లూ దాని మీదే. తన అనుబంధ సంస్థ టెలస్ ఇంటర్నేషనల్‌ను 2021లో షేరు 25 అమెరికా డాలర్లకు మార్కెట్‌కు తెచ్చింది. 2025లో 4.50 అమెరికా డాలర్లకు తిరిగి కొనేసుకుంది. ఆ కాల్ సెంటర్, డేటా వ్యాపారంలో ఏం జరిగిందో ఈ రెండు అంకెలే చెబుతాయి. టవర్లలో 49.9 శాతం వాటాను క్యుబెక్ పెన్షన్ నిధికి అమ్మింది. 2025 డిసెంబర్‌లో డివిడెండ్ పెంపును ఆపి, త్రైమాసికానికి 41.84 సెంట్ల దగ్గర నిలిపింది. ఆపడం వేరు, కోయడం వేరు. అయినా బీసీఈ కూడా మొదట ఆపి, తర్వాతే కోసిందన్న సంగతి మార్కెట్ మర్చిపోలేదు.

ఓటు లేని షేరు

రోజర్స్, క్యుబెకోర్, కోజెకో కొనేవాళ్లు తరచుగా పట్టించుకోని విషయం ఒకటుంది. ఈ కంపెనీల్లో రెండు రకాల షేర్లుంటాయి. రోజర్స్‌లో జనం ఎక్కువగా కొనేది ఓటు లేని క్లాస్ బీ. ఓటున్న క్లాస్ ఏలో దాదాపు 97 శాతం కుటుంబ ట్రస్టుది. 2021 శరదృతువులో సంస్థాపకుడి కొడుకు ఎడ్వర్డ్ రోజర్స్‌కు తల్లి, ఇద్దరు అక్కచెల్లెళ్లతో గొడవ వచ్చి బోర్డులు రెండయ్యాయి. బ్రిటిష్ కొలంబియా కోర్టు ఎడ్వర్డ్ పక్షాన తీర్పిచ్చింది. వేలాది కోట్ల కంపెనీలో సీఈఓ మారిపోయాడు, బయటి వాటాదారు టీవీలో చూడటం తప్ప చేయగలిగింది లేదు.

కోజెకోలో ఇదే ఏర్పాటు ఇంకోలా పనిచేసింది. 2020లో అమెరికా సంస్థ ఆల్టీస్, రోజర్స్ కలిసి మంచి ధరకే కొంటామంటే, ఓట్లు చేతిలో ఉన్న ఓదే కుటుంబం వద్దంది, అంతటితో కథ ముగిసింది. చౌకగా దొరుకుతోంది, ఎవరో ఒకరు కొనేస్తారులే అని ఇలాంటి షేరు తీసుకోవడం పెళ్లికూతురి తండ్రిని అడక్కుండా ముహూర్తం పెట్టుకోవడమే. బీసీఈ, టెలస్‌లలో కుటుంబ పెత్తనం లేదు. వాటిని బయటి దేశాలవాళ్లు కొనకుండా ఆపేది విదేశీ యాజమాన్య చట్టం.

చేతికొచ్చేది ఎంత

కెనడాలో ఉంటున్న తెలుగువాళ్లు ఈ షేర్లను ఎక్కువగా టీఎఫ్ఎస్ఏ అనే పన్ను లేని పొదుపు ఖాతాలో పెట్టుకుంటారు. అందులో డివిడెండ్‌పై పన్ను లేదు. దానికి మరో వైపు కూడా ఉంది. 70 డాలర్లకు కొన్న షేరు అందులో ఉంచి 30కి అమ్మితే, ఆ నష్టాన్ని వేరే లాభంతో సర్దుకోవడానికి వీల్లేదు. పోయిన సొమ్ము మేరకు, ఆ ఖాతాలో డబ్బు వేసుకునే పరిమితి కూడా తిరిగి రాదు. మామూలు ఖాతాలోనైతే నష్టం లెక్కలోకి వస్తుంది, కెనడా కంపెనీల డివిడెండ్లకు ప్రత్యేక పన్ను రాయితీ కూడా ఉంటుంది. కాబట్టి ఏ ఖాతా మంచిదన్నది షేరు లేస్తుందా పడుతుందా అన్నదాని మీదా ఆధారపడుతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ కొనేవాళ్ల లెక్క వేరు. బీసీఈ, టెలస్, రోజర్స్ న్యూయార్క్ ఎక్స్ఛేంజీలోనూ ఉన్నాయి కాబట్టి అమెరికా షేర్ల యాప్‌లలో కొనొచ్చు. కంపెనీ మాత్రం కెనడాది, పన్ను కోసేదీ కెనడాయే. భారత్, కెనడా పన్ను ఒప్పందం ప్రకారం మామూలు మదుపరికి ఆ కోత 25 శాతం. పదివేల రూపాయల డివిడెండ్ వస్తే 2,500 అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లు సెస్సు సంగతి పక్కన పెడితే 3,000 కట్టాలి, అక్కడ కట్టింది మినహాయించుకుని 500 కడితే సరి. 20 శాతం శ్లాబువాళ్లకు ఇక్కడి పన్ను 2,000 మాత్రమే, అంతవరకే మినహాయింపు. మిగిలిన 500 ఎవరూ తిరిగివ్వరు. షేరు ఉన్న సంగతి రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టికలో రాయడం తప్పనిసరి, డివిడెండ్ పైసా రాకపోయినా.